తడి గరిటె ఎవరు పెట్టారు?



ఇంటి గోడల గురించి చెప్పమంటే ఆవకాయ జాడీ దగ్గర మొదలుపెడుతున్నాను. ఏమీ అనుకోకండి. ఆ రెండింటికీ చుట్టరికం ఉంది.

జాడీ మూత తీశారు. పైన తెల్లగా బూజు. అప్పుడు మీ ఇంట్లో పెద్దావిడ ఏమంటుంది? బూజును తిట్టదు. ఆవకాయనూ తిట్టదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది. "జాడీలో తడి గరిటె ఎవరు పెట్టారు?"

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఇల్లు బాగుచేయించుకున్నారు. కొత్త రంగులు వేయించారు. నాలుగు నెలలు తిరక్కుండా గోడ మీద నల్లగా బూజు తేలింది. అప్పుడు మీరూ అదే అడగాలి. తడి గరిటె ఎవరు పెట్టారు? అంటే, ఈ గోడలోకి నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయి?

భీమవరంలో మా పిన్ని ఉంది. చుట్టూ చేపల చెరువులు, పంట కాలవలు. ఆ నేలలోనే చెమ్మ. నలభై ఏళ్ల కిందటి డాబా ఇల్లు. కొడుక్కి శ్రావణంలో పెళ్లి కుదిరింది. ఇంకేం, ఆషాఢంలో ఇంటి పని మొదలెట్టారు. మనందరం చేసేదే కదా. ఆషాఢంలో శుభకార్యాలు ఉండవు. కాస్త తీరిక. శ్రావణానికి ఇల్లు తయారైపోవాలి. లెక్క బాగానే ఉంది. కానీ ఆ రెండు నెలలూ వానలే. పంచాంగానికి ముహూర్తం ఉంది. తడి సిమెంటుకు ఏ ముహూర్తమూ తెలీదు.

ఏమేం చేయించారో వినండి. ఏసీ చల్లదనం పోతుందని గుమ్మాల మీది వెంటిలేటర్లు ఇటుకలతో మూసేశారు. బాత్రూం పగలగొట్టి కొత్త పైపులు గోడలోంచి తీశారు. గోడలకు లప్పం పెట్టి ప్లాస్టిక్ పెయింట్ వేశారు. పడగ్గదిలో నేల నుంచి పైకప్పు దాకా ప్లైవుడ్ కబోర్డులు కట్టించారు. అవి ఏ గోడకు? సరిగ్గా బాత్రూం గోడకే. పైన ఫాల్స్ సీలింగ్, అందులో దీపాలు. ఇల్లు పెళ్లికూతురిలా ఉందన్నారు వచ్చినవాళ్లంతా. లోపలికి అడుగుపెడితే కొత్తింటి వాసన. పిన్ని ఆ వాసనను గర్వంగా పీల్చేది.

సంక్రాంతికి కూతురు వచ్చింది, మూడేళ్ల కొడుకుతో. ఆ గదిలోనే పడుకున్నారు. రెండో రాత్రి నుంచి పిల్లాడికి దగ్గు. పగలు వీధిలో గాలిపటం వెనక పరుగెడుతున్నంతసేపూ బాగానే ఉంటాడు. రాత్రి గదిలోకి వస్తే మళ్లీ దగ్గు. పిన్ని నాకు ఫోన్ చేసి అంది. "పిల్లాడికి నెమ్ము చేసిందిరా."

అదే వారం పెళ్లి పట్టుచీర తీద్దామని కబోర్డు తెరిచింది. చీర మడతల్లో బూడిదరంగు మచ్చలు. బట్టలు పక్కకు జరిపి చూస్తే వెనక చెక్క నిండా నల్ల చుక్కలు. చెక్క ఉబ్బింది. దాని వెనక గోడ చల్లగా, మెత్తగా ఉంది.

నెమ్ము. ఒక్క క్షణం ఈ మాట దగ్గర ఆగండి. గోడకు చెమ్మ పడితే నెమ్ము అంటాం. పిల్లాడి రొమ్ము పట్టేస్తే అదీ నెమ్మే. రెండింటికీ ఒకే మాట. ఎవరు పెట్టారో గానీ తెలిసి పెట్టినట్టే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజు మీద ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించింది. చెమ్మ పట్టిన ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు వచ్చే ముప్పు ఎక్కువని, ఉబ్బసం ముదురుతుందని అందులో చెప్పింది. గోడ నెమ్ముకూ రొమ్ము నెమ్ముకూ దారి ఉందన్నమాట. పిల్లాడి దగ్గులన్నిటికీ గోడే కారణమని అనడం లేదు. డాక్టరుకు చూపించండి. చూపించేటప్పుడు గోడ సంగతి కూడా చెప్పండి.

సరే, పిన్ని ఏం చేసింది? పెయింటర్‌ను పిలిచింది. అతను బూజు తుడిచి, పైన ఇంకో పూత వేశాడు. ఇరవై రోజులు బాగానే ఉంది. తర్వాత రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. పొక్కుల కింద మళ్లీ నలుపు. అప్పుడు కబోర్డులో కర్పూరం బిళ్లలు పెట్టింది, కలరా ఉండలు వేసింది. గదిలో అగరొత్తులు వెలిగించింది. ముక్కుకు తగిలే వాసన మారిందిగానీ గోడ మారలేదు.

చివరికి ఆ ఇల్లు కట్టిన పాత తాపీ మేస్త్రిని పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి. గోడను వేలి కణుపులతో కొట్టి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. తర్వాత పిన్నితో అన్నాడు. "రంగనేది గోడకి చొక్కా లాంటిదండి. ఒళ్లు తుడుచుకోకుండా చొక్కా తొడిగితే ఏమవుద్దండి?"

ఇంతకన్నా బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. ముందు ఒళ్లు తుడవాలి. తర్వాత గాలికి ఆరాలి. ఆ తర్వాతే చొక్కా. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. నీరు, గాలి, రంగు. ఆ వరుసలోనే. మనం చేసే తప్పల్లా వరుస తిరగేయడమే.

మొదటిది నీరు.

బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. బడి పుస్తకాల్లో వాటిని సిద్ధబీజాలు అంటారు. మీ ఇంట్లో ఉన్నాయి, నేను మాట్లాడుతున్న ఈ గదిలోనూ ఉన్నాయి. వాటిని లేకుండా చేయడం మన వల్ల కాదు. వాటికి తిండి కూడా ఇంటి నిండా ఉంది. చెక్క, కాగితం, అట్ట, బట్ట, ఆఖరికి గోడ మీది దుమ్ము. వాటికి లేనిదల్లా నీరే. నీరు దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలక మొదలవుతుంది. అందుకే తడిసిన వస్తువును రెండు రోజుల్లోపు ఆరబెట్టాలంటారు. మళ్లీ చెబుతున్నాను, రెండు రోజుల్లోపు.

ఆ నీరు ఎక్కణ్ణించి వస్తోంది? మేస్త్రి ఒక చిన్న పరీక్ష చేశాడు. మీరూ చేయొచ్చు. ఒక పాలిథిన్ కవరు తీసుకోండి. గోడ మీద తడి ఉందనుకున్న చోట పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. తర్వాత చూడండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు చెమట పట్టిందా? నీరు గోడలోంచి వస్తోంది. బయటి వైపు, అంటే గది వైపు చెమర్చిందా? గదిలో గాలే తడిగా ఉంది. లోపల తడైతే గోడ తప్పు. బయట తడైతే గాలి తప్పు.

పిన్ని గోడకు లోపలే తడి. ఆ రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, నీటి మట్టం గుర్తు పెట్టారు. రాత్రంతా ఎవరూ కుళాయి తిప్పలేదు. తెల్లారేసరికి మట్టం తగ్గింది. గోడ తవ్వితే తడి గరిటె దొరికింది. గోడలోంచి తీసిన కొత్త పైపు వంపు దగ్గర సన్నగా చెమ్మగిల్లుతోంది. చుక్క చుక్కే. కానీ శ్రావణం నుంచి సంక్రాంతి దాకా చుక్క చుక్క.

మీ ఇంట్లో తడి గరిటె వేరే కావచ్చు. ఏసీ నీళ్లు పోయే గొట్టం గోడలో ఊడిపోయి ఉండొచ్చు. మేడ మీద నీళ్లు నిలుస్తుండొచ్చు. సజ్జ పైన పగులు ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే పై ఫ్లాట్ బాత్రూం కావచ్చు. అప్పుడు తగాదాకు వెళ్లకండి. పైవాళ్లను కిందికి పిలిచి, కాఫీ ఇచ్చి, మీ సీలింగ్ చూపించండి. కళ్లతో చూస్తే సగం పని అయినట్టే.

ఇంకో తడి గరిటె ఉంది. దాన్ని మనమే పెడతాం. కొత్త ప్లాస్టింగ్‌కు వారం పది రోజులు నీళ్లు కొడతాం. కొట్టాలి కూడా, లేకపోతే గట్టిపడదు. కానీ ఆ నీళ్లు మళ్లీ బయటికి పోవాలి కదా? వానాకాలంలో అది వారాల పని. మనం ముహూర్తం దగ్గరపడిందని లప్పం, రంగు వేసేస్తాం. నీళ్లు లోపలే బందీ అవుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అంత నీరు తాగిన ఇటుక గోడ పైకి పొడిగా కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వరద చూసిన ఇంటికి తొందరగా రంగు వేయాలనిపిస్తుంది. ఆ బాధ మరిచిపోవాలని ఉంటుంది. అర్థమవుతుంది. అయినా ఆగాలి.

ఒక చిన్న జాగ్రత్త. గోడ మీద తెల్లగా పొడిలా తేలితే అది బూజు కాకపోవచ్చు, ఉప్పు కావచ్చు. ఒక నీటి చుక్క వేసి చూడండి. కరిగిపోతే ఉప్పు. కరగకపోతే బూజు కావచ్చు. ఏదైనా గోడలో నీరుందనే చెబుతోంది.

నీరు ఆగింది. ఇప్పుడు బూజు తీయాలి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంతలోపు మచ్చయితే ఇంట్లోవాళ్లే తీయొచ్చు. అంతకు మించితే పని తెలిసినవాళ్లను పిలవండి. చంటిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ముక్కుకు ఎన్ 95 మాస్కు, చేతులకు గ్లౌజులు. ఫ్యాను ఆపండి. గది తలుపు వేయండి. పొడి చీపురుతో మాత్రం దులపకండి. అటక మీది బూజు వేరు, గోడ మీది బూజు వేరు. రెండింటికీ పేరు ఒకటే గానీ, దీన్ని దులిపితే గది నిండా విత్తనాలు చల్లినట్టే. సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. తర్వాత పూర్తిగా ఆరబెట్టండి. ఉబ్బిన ప్లైవుడ్‌ను, తడిసి మెత్తబడిన ఫాల్స్ సీలింగ్ అట్టను కడిగి దాచుకోవద్దు. బూజు వాటి లోపలికి దిగి ఉంటుంది. మనసు ఒప్పకపోయినా తీసేయాలి.

ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించిన మాట. బ్లీచింగ్ పౌడరును బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం తీయగలదు. మళ్లీ చెబుతున్నాను. బ్లీచింగ్, యాసిడ్ కలపకూడదు. ఒకటి కాకపోతే ఇంకొకటి వేద్దామనీ చూడకండి. సబ్బు నీళ్లు చాలు.

నల్ల మచ్చ చూడగానే కొందరు హడలిపోతారు. 2021లో కరోనా వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా అంటారు. కాదండీ. ఆ జబ్బు వేరు. అది ఎక్కువగా షుగరు అదుపు తప్పినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు వచ్చింది. గోడ మీది నలుపు రంగును బట్టి అది ఏ బూజో చెప్పలేం. నల్లదైనా పచ్చదైనా చేయాల్సిన పని ఒకటే. నీరు ఆపాలి, తీసేయాలి, ఆరబెట్టాలి.

ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. బైబిల్లో లేవీయకాండం 14వ అధ్యాయం చదివినవాళ్లకు తెలుసు. ఇంటి గోడల్లో పచ్చగానో ఎర్రగానో మచ్చలు లోతుకు దిగితే ఏం చేయాలో అందులో ఉంది. ఇల్లు ఖాళీ చేయించాలి. యాజకుడు చూడాలి. ఏడు రోజులు ఇల్లు మూసిపెట్టాలి. మళ్లీ వచ్చి చూడాలి. మచ్చ పెరిగితే ఆ రాళ్లు ఊడదీసి ఊరవతల పారేయాలి. గోడలు గీకించాలి. కొత్త రాళ్లు పెట్టి కొత్తగా పూయాలి. అయినా మళ్లీ వస్తే ఇల్లే పడగొట్టాలి. గమనించారా? చూడు, ఆగు, మళ్లీ చూడు, తీసేయ్. పైపైన పూసేయమని ఎక్కడా లేదు.

రెండోది గాలి.

మన పాత ఇళ్లను తలుచుకోండి. మండువా మధ్యలోంచి ఆకాశం కనిపించేది. గుమ్మాల మీద వెంటిలేటర్లు ఉండేవి. ఏటా గోడలకు వెల్ల వేసేవారు. సున్నం ఘాటుకు బూజు తొందరగా చేరదు. పైగా ఆ పూతలోంచి గోడ చెమ్మ బయటికి పోతుంది. అవి స్వర్గాలని అనను. వంటింట్లో పొయ్యి పొగకు మన అమ్మమ్మల కళ్లు ఏమయ్యాయో మనకు తెలుసు. కానీ ఇంట్లోకి వచ్చిన తడికి బయటికి పోయే దారి ఉండేది. ఇప్పుడు బాగుచేయించే పేరుతో ఆ దారులే మూస్తున్నాం.

చాలామందికి ఒక అపోహ. ఏసీ వేస్తే గదిలోకి కొత్త గాలి వస్తుందని. మన ఇళ్లలో గోడకు ఉండే స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు. గదిలో గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. కిటికీలు మూసి రాత్రంతా ఏసీలో పడుకుంటే, మన ఊపిరి మనమే మళ్లీ మళ్లీ పీల్చుకుంటున్నట్టు.

కొత్తింటి వాసన సంగతికి వద్దాం. పిన్ని గర్వంగా పీల్చిన ఆ వాసనలో ఏముంది? రంగులు, వార్నిష్ వదిలే ఆవిర్లు. ప్లైవుడ్ పొరలను అంటించే జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. కళ్లు మండటం, గొంతు గరగర, తలనొప్పి వీటివల్లే కావచ్చు. వేడికీ చెమ్మకూ అది ఇంకా ఎక్కువగా వస్తుంది. మొదటి నెలల్లో ఎక్కువ, రానురాను తగ్గుతుంది. దానికి మందు కాలమూ, గాలీ. కొత్త కబోర్డుల తలుపులు, సొరుగులు బార్లా తెరిచి, కిటికీలు తీసి, కొన్ని వారాలు వదిలేయండి. బట్టలు ఆ తర్వాత సర్దుకోండి.

అగరొత్తులు, కర్పూరం, రూం స్ప్రేలు గాలిని శుభ్రం చేయవు. దేవుడికి వెలిగించండి, వాసన చంపడానికి వద్దు. పొగ మీద పొగ అవుతుంది. మనీప్లాంట్ పెడితే గాలి శుభ్రమవుతుందని కూడా అంటారు. 1989లో నాసా చేసిన ఒక ప్రయోగం నుంచి ఆ మాట పుట్టింది. అది మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. మన గది పెట్టె కాదు. మొక్క అందానికి పెట్టుకోండి, గాలికి కిటికీ తీయండి.

కిటికీ ఎప్పుడు తీయాలి? ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తీస్తే గాలి ఆడుతుంది. ఒక్కటే తీస్తే గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా లోపలికి రాదు. వాన కురుస్తున్నప్పుడు మూయండి, ఎండ కాసినప్పుడు తీయండి. పెద్ద రోడ్డు పక్క ఇల్లయితే వాహనాల రద్దీ తగ్గిన వేళ తీయండి. స్నానం చేశాక, వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. ఆ ఫ్యాను బయటికే వదులుతోందో లేదో ఒకసారి చూడండి. తడి బట్టలు పడగ్గదిలో ఆరేయకండి. బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరపండి. నాలుగు వేళ్లు చాలు, గాలి దూరడానికి.

పాత రంగు గీకించేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం ఎంత ఉండొచ్చో మన దేశంలో గట్టి నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. కాబట్టి పొడిగా గీకించకండి. తడిపి గీకించండి. తడి గుడ్డతో తుడిపించండి. ఆ రోజుల్లో పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపండి.

ఇక మూడోది, ఆఖరిది, రంగు.

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నీరు ఆగి, గోడ ఆరి, గాలి ఆడాక వేయండి. అంతే. పాలిథిన్ కవరు మళ్లీ అంటించి చూడండి. గోడ వైపు చెమట పట్టకపోతే పెయింటర్‌ను పిలవండి. మరి ముహూర్తం సంగతి? ముహూర్తానికి పాలు పొంగించండి. సత్యనారాయణ వ్రతం చేసుకోండి. ఆ రాత్రి నిద్ర చేయండి. కాపురం ఒక నెల తర్వాత పెట్టండి. శాస్త్రానికీ లోటు లేదు, సిమెంటుకూ లోటు లేదు.

పిన్ని ఇల్లు ఏమైందో చెప్పి ముగిస్తాను. పైపు మార్చారు. తడిసిన మేర ప్లాస్టింగ్ ఊడగొట్టారు. కబోర్డు వెనక చెక్క తీసేశారు. ఇటుకలు కనిపించే ఆ గోడను మేస్త్రి వేసవి అంతా అలాగే వదిలేయమన్నాడు. కొత్త కోడలి గది. వచ్చిపోయేవాళ్ల ముందు పిన్నికి మొదట్లో సిగ్గేసింది. తర్వాత తనే ఒక జవాబు తయారుచేసుకుంది. ఎవరైనా ఇదేమిటని అడిగితే, "గోడ ఒళ్లారబెట్టుకుంటోందమ్మా" అనేది. గుమ్మాల మీది వెంటిలేటర్లు మళ్లీ తెరిపించి, మూసి తెరిచే అద్దాలు పెట్టించింది. ఏసీ వేసినప్పుడు మూస్తుంది, ఆపినప్పుడు తెరుస్తుంది.

ఈసారి వేసవి సెలవులకు మనవడు వచ్చాడు. పిన్ని ముందు వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత లోపలికెళ్లి, అదే చేతిని కబోర్డు వెనక గోడ మీద వేసి చూసింది. రెండూ పొడిగానే ఉన్నాయట.

శ్రోతలారా, నేను చెప్పినవన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. నీరు, గాలి, రంగు, ఈ వరుస గుర్తుంటే చాలు. ఈ ప్రసంగం అయ్యాక ఒక్కసారి లేచి, మీ బీరువా వెనక గోడ మీద అరచెయ్యి ఆనించండి. చల్లగా, మెత్తగా తగిలిందా? అయితే పెయింటర్‌కు ఫోన్ చేయకండి. నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందు ఆ ప్రశ్న అడగండి.